గల్ఫ్ ఇంజనీరు గురించి మా బరంపురం అపోహలు – కొన్ని వాస్తవాలు

ఒడిశాలోని మా గంజాం జిల్లా నుంచి సముద్రం దాటి పనికి వెళ్లడం కొత్త కాదు. గోపాలపూర్ రేవులో స్టీమరెక్కి రంగూన్ వెళ్లినవారి మనవలు ఇప్పుడు దోహా, దుబాయ్, రియాద్ వెళ్తున్నారు. నేనూ అలాగే వెళ్లి, కాంక్రీటు నాణ్యత విభాగంలో పనిచేసి వచ్చి, బరంపురంలో ఇళ్ల ప్లాన్లు గీస్తున్నాను. ఇచ్ఛాపురం నుంచి ఛత్రపురం దాకా ఎక్కడ కూర్చున్నా నాకు ఎదురయ్యేవి ఇవే మాటలు. అడిగేవాళ్లు తక్కువ, తేల్చి చెప్పేవాళ్లే ఎక్కువ.

అపోహ: ఎడారిలో ఇసుకకు కొదవేమిటి? అందుకే అన్ని మేడలు లేస్తున్నాయి.

వాస్తవం: ఆ ఇసుక కాంక్రీటుకు పనికిరాదు. గాలికి దొర్లి దొర్లి రేణువులు మరీ సన్నగా, గుండ్రంగా అరిగిపోతాయి. గుప్పిట్లో ఆవాలు పట్టినట్టు జారిపోతాయే తప్ప ఒకదానినొకటి పట్టుకోవు. పైగా సన్నని ఇసుక నీళ్లు ఎక్కువ తాగుతుంది, నీళ్లు పెరిగితే బలం తగ్గుతుంది. అందుకే రాయిని పిండిచేసి తీసిన ఇసుక, ఉప్పు పోయేలా కడిగిన ఇసుక వాడతారు. కతార్‌కు గాబ్రో అనే గట్టి నల్లరాతి కంకర ఒమన్, ఎమిరేట్స్ కొండల నుంచి ఓడల్లో వస్తుంది. అక్కడి భూగర్భజలంలో ఉప్పు ఎక్కువ కాబట్టి కలిపే నీరు కూడా చాలా చోట్ల సముద్రపు నీటిని శుద్ధి చేసినదే. మన రుషికుల్య ఇసుకను చేత్తో నలిపి చూడండి, ఎంత గరుకో. దాన్ని మనం పునాది గుంతలు పూడ్చడానికి పోస్తున్నాం!

అపోహ: ఎండ కూలీలకే, ఇంజనీరు గారిది ఏసీ గది.

వాస్తవం: ఏసీ గది ఉంటుంది. అందులో కూర్చునే తీరిక సైట్ ఇంజనీరుకు దొరకదు. వేసవి మధ్యాహ్నాల్లో ఎండలో పని చేయించకూడదని చట్టమే ఉంది. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు, కతార్‌లో 2021 నుంచి జూన్ 1 మొదలు సెప్టెంబర్ 15 దాకా పది నుంచి మూడున్నర వరకు. ఇది మనుషుల కోసం. కాంక్రీటుకు అసలు పగలే పనికిరాదు. వేడికి నీరు ఆవిరై, త్వరగా బిగుసుకుని, పైన పగుళ్లు తేలుతాయి. పోయడానికి కష్టమవుతోందని ఎవరో ఒకరు మిక్సర్‌లో నీళ్లు కొట్టబోతారు. ఆ చెయ్యి పట్టుకుని ఆపడమే నా ఉద్యోగంలో సగం. అందుకే రాత్రిళ్లు పోస్తారు, నీటిలో కొంత భాగానికి బదులు మంచు వేస్తారు. 828 మీటర్ల బుర్జ్ ఖలీఫాకు కూడా వేసవిలో ఇలాగే చేశారు. వచ్చిన ప్రతి ట్రక్కులో థర్మామీటరు గుచ్చి చూడాలి. నిర్ణయించిన హద్దు దాటితే, సాధారణంగా అది 32 డిగ్రీలు, ట్రక్కును వెనక్కి పంపాలి. తెల్లవారుజామున మూడింటికి ఆ మాట డ్రైవరుకు చెప్పి చూడండి.

అపోహ: ఇంగ్లీషు గడగడా రాకపోతే అక్కడ నెగ్గుకురాలేం.

వాస్తవం: ఉత్తరాలు ఇంగ్లీషులో, పని హిందీలో. మన సరిహద్దు పిల్లలకు తెలుగు, ఒడియా రెండూ వచ్చు. రాడ్ బెండరు కేంద్రపడా వాడైనా, సెంట్రింగ్ మేస్త్రి సోంపేట వాడైనా వాళ్ల భాషలోనే మాట్లాడగలరు. ఆ లాభం విశాఖపట్నం కుర్రాడికి లేదు.

అపోహ: ఉద్యోగం మానేసేటప్పుడు మొత్తం జీతం మీద లెక్కకట్టి పెద్ద మూట ఇస్తారు.

వాస్తవం: ఎమిరేట్స్‌లో గ్రాట్యుటీ మూల వేతనం మీదే. మొదటి అయిదేళ్లకు ఏడాదికి 21 రోజుల మూల వేతనం, ఆపైన ఏడాదికి 30 రోజులది. నెలకు 6,000 దిర్హాముల జీతంలో మూల వేతనం 3,000 అనుకోండి. అయిదేళ్లకు వచ్చేది 10,500. ఇంట్లో వాళ్లు వేసుకున్న లెక్క 21,000. ఆఫర్ లెటర్ రాగానే మొత్తం అంకె చూసి స్వీట్లు పంచకుండా, మూల వేతనం ఎంత రాశారో చూడమని మా మేనల్లుళ్లకు చెబుతుంటాను. వాళ్లు ముందు స్వీట్లే పంచుతారు.

అపోహ: ఇంజనీరింగ్ పట్టా ఉంటే ఎక్కడైనా ఇంజనీరే.

వాస్తవం: 2018లో కువైట్‌లో ఎందరో మనవాళ్లకు దీనితోనే చిక్కు వచ్చింది. ఇంజనీరు హోదాతో రెసిడెన్సీ (నివాస అనుమతి) పొడిగించాలంటే అక్కడి ఇంజనీర్ల సంఘం ఒప్పుకోవాలన్నారు. ఆ సంఘమేమో ఎన్‌బీఏ, అంటే మన దేశంలో ఇంజనీరింగ్ కోర్సులకు నాణ్యత గుర్తింపు ఇచ్చే జాతీయ బోర్డు, గుర్తింపు ఉన్న పట్టాలనే లెక్కలోకి తీసుకుంది. ఎన్‌బీఏ పుట్టిందే 1994లో. అంతకుముందు చదివిన పెద్దవాళ్లు ఏం చూపిస్తారు? ఇప్పుడు చేరే పిల్లలు ఒక్కటి గమనించాలి: ఆ గుర్తింపు కోర్సుకు ఇస్తారు, కాలేజీ మొత్తానికి కాదు.

అపోహ: ఏజెంటుకు లక్షలు పోస్తేనే వీసా.

వాస్తవం: రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. విజిట్ వీసా మీద వెళ్లి పనిలో చేరిపోవచ్చన్నవాడి దగ్గర టీ కూడా తాగకండి.

అపోహ: దుబాయ్‌లో చేసి వచ్చాడు కదా, మనకూ అక్కడిలాగే అద్దాల ఇల్లు కట్టిస్తాడు.

వాస్తవం: కట్టించను. గోపాలపూర్ వైపు స్థలం ఉన్నవాళ్లు నన్ను అడగాల్సింది అద్దాల గురించి కాదు. 2013లో ఫైలిన్ తుఫాను అక్కడ తీరం దాటాక అందరికీ గాలి భయం పట్టుకుంది. ఉప్పు గాలి మాత్రం రోజూ వీస్తుంది, దానికి ఎవరూ భయపడరు. తీరపు గాలి నేరుగా తగిలే కాంక్రీటుకు ఐఎస్ 456 (కాంక్రీటుకు మన దేశపు ప్రమాణాల పుస్తకం) ప్రకారం కనీసం ఎం30 గ్రేడు బలం, ఇనుము మీద 45 మిల్లీమీటర్ల కవరు, అంటే ఊచను కప్పే కాంక్రీటు పొర, ఉండాలి. మన మేస్త్రి ఆ ఎడం కోసం ఊచల కింద పెట్టాల్సిన కవర్ బ్లాకులకు బదులు కంకర రాయి పెడతాడు. అది పోసేటప్పుడు జారిపోతుంది, ఊచ సెంట్రింగ్ రేకుకు ఆనుకుంటుంది, కొన్నేళ్లకు తుప్పుపట్టి ఉబ్బి స్లాబు పెచ్చులూడుతుంది. గల్ఫ్‌లో అయితే ఊచలు చూసి కన్సల్టెంటు సంతకం పెట్టేదాకా ఒక్క ట్రక్కు కూడా కదలదు. ఇక్కడ ఆ సంతకం ఇంటి యజమానే పెట్టుకోవాలి: స్లాబుకు ముందురోజు టేపు పట్టుకుని పైకెక్కండి. బోరు నీళ్లు పరీక్షకు పంపండి. ఇనుము ఉన్న కాంక్రీటులో కలిపే నీటిలో క్లోరైడ్లు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకూడదు. దాటితే ట్యాంకరు తెప్పించుకోండి. స్లాబు మీద మళ్లు కట్టి నిలిపే నీళ్లు కూడా ఆ ట్యాంకరువే కావాలి.