మత్తు మాన్పించే ఖర్చు ఎవరి నెత్తిన?

2015లో తెలంగాణ ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద పడింది. నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో దాడులు జరిగి దుకాణాల్లో సరుకు ఆగిన కొద్ది రోజులకే సర్కారు దవాఖానల ముందు జనం. చేతుల వణుకు, నిద్రలేమి, కొందరికి ఫిట్స్, కొందరు ఏం మాట్లాడుతున్నారో వాళ్లకే తెలియదు. వాళ్లు ఏళ్లుగా తాగుతున్నది చెట్టు నుంచి దించిన కల్లు కాదు. క్లోరల్ హైడ్రేట్, డైజోపామ్, ఆల్ప్రాజోలం కలిపిన మత్తునీళ్లు. అలవాటుపడ్డ ఒంటికి ఇవి ఒక్కసారిగా అందకుండా పోతే ప్రాణం మీదికొస్తుంది. డాక్టరు దగ్గరుండి మోతాదు కొంచెం కొంచెం తగ్గించాలి. దాడులకు ఉన్న హడావిడి ఆస్పత్రి మంచాలు సిద్ధం చేయడంలో లేకపోయింది.

మనకిది అలవాటే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు లేవదీసిన సారా పోరు 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్యనిషేధం దాకా తీసుకెళ్లింది. 1997లో నిషేధం ఎత్తేశారు. ఖజానా లోటు అందుకు చెప్పిన కారణాల్లో ఒకటి. వాదనంతా దుకాణం ఉండాలా, వద్దా అన్నదాని చుట్టూనే. మానలేనివాణ్ని ఎక్కడ చేర్చాలన్నది ఇంటివాళ్ల తలనొప్పిగానే ఉండిపోయింది.

చట్టం మాత్రం వైద్యాన్ని మరిచిపోలేదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టంలోని 71వ సెక్షన్ చికిత్సా కేంద్రాలు పెట్టే అధికారాన్ని ప్రభుత్వాలకిచ్చింది. ఆచరణలో ఆ పనిలో పెద్ద భాగం కేంద్ర ప్రభుత్వ గ్రాంటుతో స్వచ్ఛంద సంస్థల చేతికి వెళ్లింది. 15, 30 మంచాల చిన్న కేంద్రాలే ఎక్కువ. 2019లో విడుదలైన జాతీయ సర్వే లెక్కలో, మద్యానికి బానిసలైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందింది; ఆస్పత్రిలో చేరి వైద్యం పొందింది 180 మందిలో ఒక్కరు.

మిగిలింది ప్రైవేటు. అక్కడికెళ్లాక బీమా ఉంది కదా అనుకుంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో వచ్చే మానసిక స్థితులను మానసిక వ్యాధుల్లోనే కలిపింది. ఒంటి జబ్బులతో సమానంగా వీటికీ బీమా ఇవ్వాలని 21వ సెక్షన్ చెప్పింది. కానీ బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో ఖరారు చేసిన మినహాయింపుల (బీమా వర్తించదని కంపెనీలు పాలసీలో పెట్టుకోగలవాటి) జాబితాలో 12వది చూడండి: మద్యపాన వ్యసనం, మత్తుపదార్థాల వ్యసనం, వాటి పర్యవసానాల చికిత్స. అంటే డిశ్చార్జ్ సమ్మరీలో ఎఫ్10 (మద్యం), ఎఫ్13 (నిద్రమాత్రల వంటివి) అనే జబ్బు కోడ్ పడితే కంపెనీకి క్లెయిమ్ తోసిపుచ్చే దారి దొరికినట్టే. ఒక చేత్తో జబ్బని ఒప్పుకొని, ఇంకో చేత్తో బిల్లు వెనక్కి తోయడం ఏం న్యాయమో! అందుకే బంగారం తాకట్టుకు వెళ్తుంది.

డబ్బు కట్టేముందు ఆ కేంద్రం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థలో రిజిస్టరైందో లేదో కాగితం అడిగి చూడాలి. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ, విశాఖలో చినవాల్తేరు మానసిక వైద్యశాలలు ప్రభుత్వానివే. "ఎర్రగడ్డ" అంటే వెక్కిరింపుగా వాడే అలవాటు వల్ల ఎంతమంది ఆ గేటు దాకా రాలేదో. కేంద్ర ప్రభుత్వ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446, మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416. కేసు పెడతారని గంజాయికి అలవాటుపడ్డ పిల్లలు భయపడతారు గానీ, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసుల్లో స్వచ్ఛందంగా ప్రభుత్వ, గుర్తింపు పొందిన ఆస్పత్రిలో చేరి చికిత్స పూర్తిచేసుకునేవారికి అదే 1985 చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఇస్తోంది.