క్లే: మట్టి పోయినా వదలని మాట

ఫ్రెంచ్ ఓపెన్ వచ్చిందంటే మన పత్రికల నిండా 'మట్టి కోర్టు' (ఇంగ్లీషులో క్లే కోర్టు) వార్తలే. అక్కడ 14 టైటిళ్లు గెలిచిన రఫెల్ నాదల్‌ను మట్టి కోర్టు రారాజు అని రాసుకున్నాం. అయితే పారిస్‌లో ఆ పోటీ జరిగే రోలా గారోస్ కోర్టులో ఎర్రగా కనిపించేది మట్టి కాదు, ఇటుక పొడి. అదీ రెండు మిల్లీమీటర్ల మందానికి మించదు. దాని కింద సున్నపురాయి పొర, ఆ కింద బొగ్గు కాలగా మిగిలిన చిట్టెం, కంకర, అట్టడుగున రాళ్లు.

అసలైన బంకమట్టి మీద ఆడటం ఎందుకు కుదరదో నల్లరేగడిలో సేద్యం చేసిన రైతుకు చెప్పనక్కర్లేదు. బంకమట్టి రేణువులు రెండు మైక్రాన్ల కంటే చిన్నవి. అవి నీటిని పట్టుకుని వదలవు. తడిస్తే కాలు దిగబడుతుంది, ఎండితే నెర్రెలిస్తుంది. ఒక్కసారి ఆవంలో కాలితే మాత్రం ఆ గుణం పూర్తిగా పోతుంది. పగిలిన కుండను ఎన్నాళ్లు నానబెట్టినా మళ్లీ సారె మీదికి ఎక్కదు. టెన్నిస్‌కు పనికొచ్చింది ఈ కాలిన మట్టే. 1880 ప్రాంతంలో దక్షిణ ఫ్రాన్స్‌లోని కాన్‌లో ఎండకు పచ్చిక మాడిపోతుంటే, ఇంగ్లండ్ నుంచి వచ్చిన రెన్షా సోదరులు దగ్గర్లోని కుమ్మరుల ఊరు వాలోరిస్ నుంచి పెంకుల పొడి తెప్పించి కోర్టు మీద చల్లించారని చెబుతారు. కుమ్మరి పారేసిన పెంకులతో ఒక ఆట నడకే మారిపోవడం నాకు ఎంతో ఇష్టమైన సంగతి.

తుపాకీ క్రీడల్లో గాల్లోకి విసిరి కాల్చే బిళ్ల 'క్లే పిజియన్'దీ (మట్టి పావురం) ఇదే దారి. 1900 పారిస్ క్రీడల్లో సైతం బతికున్న పావురాలను కాల్చారు. వాటికి బదులుగా వచ్చిన మట్టి బిళ్లలు కూడా నిలవలేదు. హైదరాబాద్ షూటర్ కైనన్ చెనాయ్ గురిపెట్టే బిళ్లలు తారులాంటి పదార్థంతో సున్నపురాయి పొడి కలిపి చేసినవి.

ఇంగ్లీషులో 'క్లే' అన్న మాటకూ జిగురుకు వాడే 'గ్లూ' అన్న మాటకూ మూలధాతువు ఒకటేనని భాషా చరిత్రకారులు అంటారు. మనం బంకమట్టి అన్నదీ ఆ అంటుకునే గుణాన్ని చూసే. బంకనేలల్లో కాపురమున్న వారికి ఇంగ్లండ్‌లో అదే ఇంటిపేరైంది, సముద్రం దాటి అమెరికాకు చేరింది.

అక్కడ కెంటకీ రాష్ట్రంలో కాసియస్ మార్సెలస్ క్లే అనే భూస్వామి ఉండేవాడు. బానిసలున్న ఇంట పుట్టి, బానిసత్వాన్ని ఎదిరించి, 1845లో అందుకోసం పత్రిక నడిపాడు. ఆయన పేరునే లూయీవిల్‌లో ఒక నల్లజాతి కుటుంబం కొడుక్కు పెట్టుకుంది. ఆ కొడుకు తన కొడుక్కూ అదే పెట్టాడు. 1942లో పుట్టిన ఆ పిల్లవాడు 1960 రోమ్ ఒలింపిక్స్‌లో బాక్సింగ్ స్వర్ణం గెలిచాడు, 1964 ఫిబ్రవరిలో సోనీ లిస్టన్‌ను ఓడించి ప్రపంచ చాంపియన్ అయ్యాడు. కొద్ది రోజులకే, అది బానిస పేరు, తాను ఎంచుకున్నది కాదు అంటూ వదిలేసి ముహమ్మద్ అలీ అయ్యాడు.

లోకం మాత్రం వదల్లేదు. పత్రికలు ఏళ్ల తరబడి క్లే అనే రాశాయి. పెద్దమనిషి తన పేరు తాను చెప్పుకున్నాక మరో పేరుతో పిలవడం అవమానించడమే. 1967 ఫిబ్రవరిలో హ్యూస్టన్‌లో, తనను క్లే అని పిలిచిన ప్రత్యర్థి ఎర్నీ టెరెల్‌ను 15 రౌండ్ల పాటు కొడుతూ 'నా పేరేమిటి?' అని అడుగుతూనే ఉన్నాడు అలీ. అదే ఏడాది ఏప్రిల్‌లో, అదే ఊళ్లో, సైన్యంలో చేరాలన్న ప్రభుత్వ ఆదేశాన్ని కాదన్నాడు. టైటిల్ పోయింది, ఐదేళ్ల జైలుశిక్ష పడింది. అప్పీలు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1971 జూన్ 28న ఎనిమిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ శిక్షను కొట్టేశారు. అలీ గెలిచిన ఆ కేసు న్యాయ గ్రంథాల్లో నేటికీ 'క్లే వర్సెస్ యునైటెడ్ స్టేట్స్'గానే ఉంది.