3,722 నోట్ల పాట: గిటార్ గేమ్ అపోహలు - వాస్తవాలు

గిటార్ హీరో 3 అనే వీడియో గేమ్ వచ్చింది 2007లో. తెర మీద నోట్లు దిగుతుంటే గిటార్ ఆకారపు కంట్రోలర్ మీద ఎడమ చేత్తో అయిదు రంగుల బటన్లు (ఫ్రెట్‌లు) నొక్కి, కుడి చేత్తో స్ట్రమ్ బార్ అనే మీటను కొట్టాలి. డ్రాగన్‌ఫోర్స్ బ్యాండ్ వాళ్ల 'త్రూ ది ఫైర్ అండ్ ఫ్లేమ్స్' అందులో బోనస్ పాట. అన్నిటికన్నా కష్టమైన ఎక్స్‌పర్ట్ స్థాయిలో 3,722 నోట్లు, ఏడు నిమిషాల పైచిలుకు. ఇప్పటికీ కాకినాడ, భీమవరం హాస్టళ్లలో కుర్రాళ్లు ల్యాప్‌టాప్‌లో క్లోన్ హీరో (ఇదే తరహా ఉచిత గేమ్) వేసుకుని దీంతోనే కుస్తీ పడుతుంటారు. పక్కన కూర్చుని సలహాలిచ్చేవాళ్లకు కొదవ లేదు. వాటిలో సగానికి సగం తప్పు.

అపోహ: వేళ్లు స్పీడుగా ఆడితే చాలండీ, పాట వచ్చేస్తుంది.

చాలదు. ఈ పాటలో ఎక్కువమందిని ముంచేది ఎడమ చెయ్యి కాదు, కుడి చెయ్యి. పాట వేగం నిమిషానికి 200 బీట్లు. బీటుకు నాలుగేసి నోట్లు పడేచోట ఒక నోటుకూ ఇంకో నోటుకూ మధ్య 75 మిల్లీసెకన్లే. అలాంటి చోట్ల ప్రతి నోటుకూ స్ట్రమ్ కొట్టక్కర్లేదు. తల తెల్లగా మెరిసే నోట్లన్నీ హ్యామర్ ఆన్, పుల్ ఆఫ్‌లు. మొదటి నోటుకు ఒక్క స్ట్రమ్ ఇస్తే తర్వాత ఫ్రెట్ నొక్కడం, వదలడం సరిపోతుంది. కంగారులో కుడి చెయ్యి అనవసరంగా ఇంకో దెబ్బ వేస్తుంది. కాంబో, అంటే తప్పు లేకుండా కొట్టిన నోట్ల గొలుసు, తెగుతుంది. తెగాక మళ్లీ స్ట్రమ్ కొట్టందే తర్వాతి హ్యామర్ ఆన్ పలకదు. ఆ సంగతి తెలియక ఎడమ చేతిని ఇంకా గట్టిగా ఆడిస్తారు, నాలుగు సెకన్లలో ఆట తీరు చూపే మీటరు ఎరుపులో (ఓడిపోయే అంచున) ఉంటుంది. ఒక నోటు పోయిందా, ఒకే ఒక్క స్ట్రమ్ ఇచ్చి ఊరుకోండి.

అపోహ: ఆకుపచ్చ ఫ్రెట్‌కు రబ్బరు బ్యాండు వేస్తే ఇంట్రో అయిపోయినట్టే.

ఆలోచన తప్పు కాదు. ఇంట్రోలో పై నోట్ల మధ్య ఆకుపచ్చ మాటిమాటికీ వస్తుంది. ఆకుపచ్చను నొక్కిపట్టే ఉంచితే పై ఫ్రెట్ వదిలిన ప్రతిసారీ అది దానంతటదే పలుకుతుంది. పై నోట్లను రెండు చేతుల వేళ్లతో తట్టుకోవచ్చు. చిక్కంతా ఇంట్రో అయ్యాకే. ఒంటి నోటుకైతే కింది ఫ్రెట్ నొక్కి ఉన్నా గేమ్ ఒప్పుకుంటుంది, కార్డ్‌కు (ఒకేసారి నొక్కాల్సిన రెండు మూడు నోట్లకు) ఒప్పుకోదు. ఎరుపు-పసుపు కార్డ్ వచ్చినప్పుడు ఆకుపచ్చ కూడా నొక్కి ఉంటే ఆ కార్డ్ పోయినట్టే. బ్యాండు తీసే తీరిక పాటలో ఉండదు. ఎడమ చూపుడు వేలితోనే పట్టుకోండి. కుడి ముంజేయిని స్ట్రమ్ బార్ పక్కనే ఉంచితే గొలుసు తెగినప్పుడు దాంతోనే ఒక దెబ్బ వేయొచ్చు.

అపోహ: ఎంత నెమ్మదిగా సాధన చేస్తే అంత మంచిది.

సంగీతం పంతులుగారి దగ్గర సరళీ వరసలు మూడు కాలాల్లో పాడినవాళ్లు ఇది సులువుగా నమ్ముతారు. అక్కడ కాలం మారితే వేగం రెండింతలవుతుంది, ఇక్కడ ఆ గంతు పనికిరాదు. వేగం బాగా తగ్గిస్తే వేలు ఆలస్యంగా లేచినా చెల్లిపోతుంది, ఆ అలవాటు పూర్తి వేగంలో దెబ్బకొడుతుంది. పాట వేగాన్ని 60 శాతానికి తగ్గించి నోట్ల వరస మాత్రం నేర్చుకోండి. 70 నుంచి అయిదేసి శాతం పెంచండి. వరసగా మూడుసార్లు తెగకుండా వస్తేనే పైమెట్టు. 85లో ఆగిపోతే 60కి దిగొద్దు. 80కి వచ్చి, సాధన చేస్తున్న పాట ముక్కను సగానికి కోయండి. క్లోన్ హీరోలో చివరి మెట్టు 105 పెట్టుకోండి, 100 కాస్త తేలికనిపిస్తుంది. ముక్కలన్నీ వచ్చినా పాట రాకపోతే తప్పు అతుకుల దగ్గరుంటుంది. అయిదు ఫ్రెట్‌లకు నాలుగు వేళ్లే కాబట్టి నారింజ కోసం చెయ్యి ఒక మెట్టు జరగాలి, ఆ జరుగుడు తరచు రెండు ముక్కల మధ్యే పడుతుంది. ఒక ముక్క చివరనూ తర్వాతి ముక్క మొదలునూ కలిపి విడిగా సాధన చేయండి.

అపోహ: నోట్లు నెమ్మదిగా దిగితే చదవడం తేలిక.

తలకిందులు. నెమ్మదిగా దిగితే నోట్లు ఒకదాని మీద ఒకటి ఇరుక్కుంటాయి. నోట్ స్పీడ్ పెంచితే మధ్యలో ఖాళీ పెరుగుతుంది, పాట వేగం మాత్రం మారదు.

అపోహ: పెద్ద టీవీ ఉంటే బాగా ఆడొచ్చు.

టీవీ బొమ్మను 50 మిల్లీసెకన్లు ఆలస్యం చేసిందంటే పైన చెప్పిన 75లో మూడింట రెండొంతులు పోయినట్టే. టీవీని గేమ్ మోడ్‌లో పెట్టి, కాలిబ్రేషన్ (బొమ్మ, శబ్దం ఆలస్యాన్ని గేమ్‌లో సరిచేసే సెట్టింగ్) మూడుసార్లు చేసి సగటు తీసుకోండి. బ్లూటూత్ హెడ్‌ఫోన్ పక్కన పెట్టేయండి, దాంతో శబ్దమూ ఆలస్యమవుతుంది.

ఇక కంట్రోలర్. సెకండ్ హ్యాండ్ లెస్ పాల్ (గిటార్ హీరో 3తో వచ్చిన గిటార్ కంట్రోలర్) కొంటే మెడ ఊడదీసి, అది బాడీకి అతికేచోట లోహపు కాంటాక్టులు చూడండి. అమలాపురం, నరసాపురం వైపు ఉప్పుగాలికి అవి తొందరగా మసకేస్తాయి. అయిదు ఫ్రెట్‌లూ నొక్కిపట్టి మెడను కొంచెం కదపండి, తెర మీద ఏదైనా రంగు ఆరిపోతే తప్పు మీ వేళ్లది కాదు. బ్యాటరీలు తీసి, సెల్‌ఫోన్ రిపేరు షాపుల్లో వాడే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను దూదిపుల్లతో రాసి, ఆరాక బిగించండి.

కీబోర్డుతో ఆడేవాళ్లు నోట్‌ప్యాడ్ తెరిచి మూడు ఫ్రెట్ కీలు ఒకేసారి నొక్కి చూడండి. మూడు అక్షరాలూ పడకపోతే వేరే కీలకు మార్చుకోవాలి.

అపోహ: స్టార్ పవర్ స్కోరు కోసమే.

స్టార్ పవర్ అంటే నక్షత్రపు నోట్లు కొట్టి కూడబెట్టుకునే బలం. నాలుగింతల స్కోరును ఎనిమిదింతలు చేస్తుంది, నిజమే. కానీ మొదటిసారి పాట గట్టెక్కాలనుకునేవాళ్లకు అది ప్రాణవాయువు. అది నడుస్తున్నంతసేపు మీటరు త్వరగా పైకెక్కుతుంది. సగం నిండితే వాడొచ్చు, కష్టమైన సోలో ముందు వాడండి, తేలిక కోరస్‌లో తగలేయకండి.

అపోహ: గిటార్ వచ్చినవాళ్లకు ఇది చిటికెలో పని.

ఇక్కడ తీగలు లేవు, ఉన్నవి అయిదు బటన్లు. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ వాయించిందీ అయిదు తీగల మీదే. ఆ అయిదుకూ ఈ అయిదుకూ పోలిక అంకె వరకే. లయజ్ఞానం ఉన్నవాళ్లు స్ట్రమ్ త్వరగా పట్టుకుంటారు. ఫ్రెట్ వరసలు మాత్రం అందరూ మొదటినుంచీ నేర్చుకోవాల్సిందే.

అపోహ: మణికట్టు నొప్పెడితే సాధన ఫలిస్తున్నట్టు.

కంట్రోలర్ మెడను గట్టిగా పిసుకుతున్నారని అర్థం. బటన్ కదలడానికి చాలినంతే నొక్కండి, కిందికీ పైకీ మార్చి మార్చి స్ట్రమ్ కొట్టండి. వేళ్లలో తిమ్మిరి మొదలైతే ఆ పూటకు ఆపేయండి. మర్నాటికీ తగ్గకపోతే డాక్టరుకు చూపించండి.