మాయ పంపే కబురు

గేదెకు ఎదసూది (కృత్రిమ గర్భధారణ సూది) వేయించిన రోజు నుంచి ఇంట్లో అందరూ పెట్టుకునే లెక్క 21 రోజులు. ఆ గడువులో మళ్లీ ఎదకు రాకపోతే చూడి కట్టిందనుకుంటాం. ఆవుల దగ్గర ఈ లెక్క కొంతవరకు పనికొస్తుంది, ఎదకొచ్చిన ఆవు అరుస్తుంది, తోటి పశువుల మీదికి ఎక్కుతుంది, చూసేవాళ్లకు తెలిసిపోతుంది. గేదె అలా కాదు. చాలా గేదెలది మూగ ఎద, ఎండాకాలమైతే మరీనూ, ఏ రాత్రిపూటో వచ్చి పోతుంది, ఎదలో కారే జిగురు తీగలు కూడా సరిగా కనిపించవు. కాబట్టి 21వ రోజున గేదె తాపీగా నెమరేసుకుంటూ కూర్చుందంటే అది చూడిదై ఉండొచ్చు, లేదా ఎదకొచ్చినా మన కంట పడకపోయి ఉండొచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి.

మా నాయనమ్మ దగ్గర ఒక గేదె ఉండేది. సూది వేయించాక మూడు నెలలు దాన్ని చూడి గేదెలాగే చూసుకుంది, అందరికంటే ముందు దానికే తవుడు కలిపేది. మూడో నెలలో పశువుల డాక్టర్ గారు వచ్చి చెయ్యి పెట్టి చూసి "వట్టిదేనమ్మా" అన్నారు. ఆ మూడు నెలల్లో నాలుగు ఎదలు పోయాయి. గేదె సుమారు 310 రోజులు మోస్తుంది, పదమూడు నెలలకో ఈత రావాలంటే ఈనిన 90 రోజుల్లోపు మళ్లీ చూడి కట్టాలి, అలాంటప్పుడు ఒక్క పరీక్ష కోసమే మూడు నెలలు ఆగితే ఇంకేం మిగిలింది?

ఈ ఎదురుచూపును నెల రోజులకు తగ్గించగలిగేది రక్త పరీక్ష. మనుషులకు మెడికల్ షాపులో దొరికే స్ట్రిప్ గేదెకు పనికిరాదు, ఎందుకంటే అది పట్టుకునే హెచ్‌సీజీ హార్మోన్ గేదెల్లో తయారే కాదు. ప్రొజెస్టిరాన్ అనే మరో హార్మోన్‌ను కొలిచే పద్ధతి ఉంది, తక్కువగా ఉంటే గేదె వట్టిదని చాలావరకు నమ్మొచ్చు, కానీ చూడి లేకపోయినా ఎద చక్రం మధ్యలో అది ఎక్కువగానే ఉంటుంది గనుక ఎక్కువ ఉన్నంత మాత్రాన చూడి అనలేం. కావలసింది కడుపులో పిండం ఉంటే తప్ప రక్తంలో కనిపించని పదార్థం. దాన్ని మాయ (ప్లాసెంటా) తయారుచేస్తుంది.

ఇక్కడే నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. మనుషుల్లో మాయ తల్లి రక్తంలోనే తడుస్తూ ఉంటుంది. గేదె, ఆవు, మేక, గొర్రెల్లో అలా కాదు, మాయకూ తల్లి రక్తానికీ మధ్య కణాల పొరలు గోడలా అడ్డుంటాయి. దూడ పుట్టిన గంటల్లోనే జున్నుపాలు తాగించాలని పెద్దవాళ్లు పట్టుబట్టడానికి కారణం కూడా ఈ గోడే, తల్లి యాంటీబాడీలు కడుపులో ఉండగా దూడకు అందవు, పుట్టాక పాలతోనే అందాలి. మరి ఇంత గట్టి గోడను దాటి పిండం తన ఉనికిని తల్లికి ఎలా తెలుపుతుంది? మాయ పైపొరలో కొన్ని కణాలకు ఒకటికి బదులు రెండు కేంద్రకాలు ఉంటాయి. ఇవి తమ చోటు వదిలి కదిలి వెళ్లి గర్భాశయపు గోడ కణాలతో కలిసిపోతాయి, మోసుకొచ్చిన ప్రోటీన్లను అక్కడ వదులుతాయి, అక్కడి నుంచి అవి తల్లి రక్తంలో కలుస్తాయి. ఈ ప్రోటీన్లను ప్రెగ్నెన్సీ అసోసియేటెడ్ గ్లైకోప్రోటీన్లు, పొట్టిగా పాగ్ (PAG) ప్రోటీన్లు అంటారు. మన పొట్టలో మాంసకృత్తులను అరిగించే పెప్సిన్‌కు ఇవి చుట్టాలే, కాకపోతే వీటిలో చాలావాటికి దేన్నీ అరిగించే శక్తి లేదు.

ఈ కుటుంబానికి చెందిన ప్రోటీన్‌ను ఆవు మాయలో గుర్తించిన సంగతి 1982లో అమెరికాలో వెలువడింది. గేదెల వంతు చాలా ఆలస్యంగా వచ్చింది. మొజరెల్లా చీజ్‌కు పాలిచ్చే ఇటలీ గేదెల మాయ నుంచి వీటిని వేరుచేసిన వివరాలను ఇటలీ, బెల్జియం పరిశోధకులు 2008లో ప్రచురించారు. ఈ ప్రోటీన్లకు చక్కెర తోకలు ఉంటాయి, ఆ చక్కెరను పట్టుకునే గుణమున్న ఒక పప్పుజాతి మొక్క ప్రోటీన్‌నే వాళ్లు గాలంగా వేశారు. 2019 పశుగణన ప్రకారం మన దేశంలో దాదాపు 11 కోట్ల గేదెలున్నాయి, ఈ పని ఎక్కువగా జరగాల్సింది ఇక్కడేనని నాకు గట్టిగా అనిపిస్తుంది.

పరీక్ష చేయడం కష్టమేమీ కాదు. సూది వేయించిన నాలుగు వారాల తర్వాత తోక కింది నరం నుంచి కాస్త రక్తం తీస్తారు. ల్యాబ్‌లో చిన్న గుంటల ప్లేటు అడుగున పాగ్‌ను పట్టుకునే యాంటీబాడీలు అతికించి ఉంటాయి, ప్రోటీన్ ఉంటే చిక్కుకుంటుంది, చివర్లో రంగు వస్తుంది. అదే ఎలీసా. స్కానింగ్ కూడా ఇంచుమించు ఇదే రోజులకు చెప్పగలదు, కానీ దానికి మెషీనూ చెయ్యి తిరిగిన మనిషీ గేదె దగ్గరికే రావాలి. రక్తం సీసా అయితే పట్నం పంపొచ్చు.

జాగ్రత్తలు రెండున్నాయి. ఈనిన తర్వాత పాత చూడి తాలూకు ప్రోటీన్ కొన్ని వారాలు రక్తంలో మిగిలి ఉంటుంది. అలాగే పిండం చనిపోయినా కొద్ది రోజులు పరీక్ష చూడి అనే చూపిస్తుంది, గేదెల్లో రెండో నెలలో పిండాలు పోవడం అరుదేమీ కాదు. అందుకే నెలకు చూడి అని వచ్చిన గేదెను రెండు నెలలు దాటాక డాక్టర్ గారి చేత ఇంకోసారి చూపించుకోవాలి. 'లేదు' అని వచ్చిన దాన్ని మాత్రం అంతవరకు ఆపనక్కర్లేదు. నా లెక్కలో ఈ పరీక్ష అసలు విలువ ఆ 'లేదు' లోనే ఉంది, 30వ రోజుకల్లా అది చేతికొస్తే 42వ రోజు చుట్టూ రాబోయే ఎద కోసం ఆ వారమంతా రాత్రిపూట కూడా లేచి చూడొచ్చు, లేదంటే డాక్టర్ గారిని అడిగి ఎదకు తెప్పించే మందులు వాడించొచ్చు.

ఇదంతా జరగాలంటే ఈనిన తేదీ, సూది వేసిన తేదీ రెండూ కావాలి, కాబట్టి కొట్టం గోడ మీద బొగ్గుతోనైనా సరే ఇవాళే రాసి పెట్టండి.