విషప్పామా కాదా అని అడిగారు కదా

బుజ్జీ, చిన్నీ,

మొన్న మీరు వాట్సాప్‌లో పంపిన వీడియో చూశాను. మీ సందులో కర్రలతో కొట్టి చంపేసిన పాము, చుట్టూ జనం, చివర్లో చిన్నీ గొంతు, "తాతయ్యా, ఇది విషప్పామా?" అని. అది జెర్రిపోతు అమ్మా. పెద్ద కళ్ళు, సన్నటి మెడ, పెదాల మీద నల్ల గీతలు. విషం లేదు, ఎలకల్ని తిని బతుకుతుంది పాపం. ఆ ప్రశ్న కొట్టకముందే ఎవరైనా అడిగుంటే ఎంత బాగుండేదో అనిపించి రాత్రంతా నిద్ర పట్టలేదు నాకు. అదే ప్రశ్న పట్టుకుని ఒకాయన మన విశాఖపట్నంలో ఏళ్ళ తరబడి పని చేశాడు, ఆయన సంగతి మీకు స్కూల్లో ఎవరూ చెప్పుండరు, అందుకే ఫోన్ చెయ్యకుండా ఉత్తరం రాస్తున్నా.

ఆయన పేరు పేట్రిక్ రస్సెల్, 1727లో స్కాట్లాండ్‌లోని ఎడిన్‌బరోలో పుట్టాడు. డాక్టరు. ముందు సిరియాలో అలెప్పో అనే ఊళ్ళో చాలా ఏళ్ళు వైద్యం చేశాడు, 1760 నుంచి 62 దాకా అక్కడ వచ్చిన ప్లేగుని దగ్గరుండి చూసి తర్వాత దాని మీద పెద్ద పుస్తకమే రాశాడు. తోడబుట్టినవాడికి విశాఖపట్నంలో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగం, అతనితో కలిసి 1781లో ఇటొచ్చాడు, అప్పటికి వయసు యాభై దాటేసింది. చూడండి, పాముల పని మొదలెట్టిందే ఆ వయసులో! 1785లో కంపెనీ ఆయన్ని ఈ ప్రాంతానికి ప్రకృతి శాస్త్రవేత్తగా పెట్టుకుంది. మొక్కలు, చేపలు కూడా చూశాడు కానీ నాకు ఇష్టమైంది మాత్రం పాముల పనే.

అప్పట్లో పాము కరిస్తే మందు లేదు. కనీసం ఏది విషప్పామో జనం చూసి గుర్తుపట్టేలా ఏదైనా ఒక్క సులువైన గుర్తు దొరుకుతుందేమోనని ఆయన వెతికాడు. పాముల్ని తెప్పించుకోవడం, పొలుసులు లెక్కపెట్టడం, నోరు తెరిచి కోరలు చూడడం, బొమ్మలు వేయించడం. కుక్కల్ని, కోళ్ళని కరిపించి ఏ పాము విషం ఎలా పనిచేస్తుందో రాసుకున్నాడు, ఇది చదివితే మీకు బాధేస్తుంది, నాకూ వేసింది, కానీ దాచకుండా చెప్పాలి. తంజావూరు మాత్ర అని పాముకాటుకి తిరుగులేదని చెప్పే మందొకటి ఉండేది, దాన్ని కూడా అందరూ అన్నారని నమ్మేయకుండా పరీక్షించి చూశాడు.

ఇన్నేళ్ళు వెతికినా నోరు తెరిచి కోరలు చూడకుండా పైపైన చూసి చెప్పేసే సులువైన గుర్తు మాత్రం ఆయనకి దొరకలేదు. ఇప్పటికీ లేదు. తల త్రికోణంగా ఉంటే విషం అంటారు కదా యూట్యూబ్‌లో, మరి కట్లపాముకి తల అలా ఉండదు, కొండచిలువకి ఉంటుంది! ఒక్కో పాముని విడివిడిగా నేర్చుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఇంకో సంగతి. మనవాళ్ళు ఆ పాముల్ని ఏమని పిలుస్తారో అడిగి ఆ పేర్లే ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకున్నాడాయన. 1796లో లండన్‌లో వచ్చిన ఆయన పుస్తకంలో "కాటుక రేకుల పొడ" అని ఉంటుంది, అంటే మనం రక్తపింజరి అంటామే, అది. దాని ఒంటి మీద మచ్చని దగ్గర్నుంచి తీసిన ఫొటోలో చూడండి, మధ్యలో గోధుమరంగు, చుట్టూ నల్లటి అంచు, దాని బయట సన్నగా తెల్ల గీత, అచ్చం కాటుక పెట్టిన కన్ను. ఆ పేరు పెట్టినవాళ్ళు ఎంత బాగా చూశారో అని నాకు ఒళ్ళు పులకరిస్తుంది. ప్రమాదంలో నాగుపాము తర్వాత దీన్నే లెక్కపెట్టాలన్నాడు రస్సెల్. 1797లో దాని శాస్త్రీయ నామంలో ఆయన పేరే పెట్టారు, ఇంగ్లీషులో దాన్ని రస్సెల్స్ వైపర్ అంటారు. అలాగే పసుపు నలుపు పట్టీలుండే "బంగారు పాము" పేరు కూడా రాసుకున్నాడు, కట్లపాముల జాతి మొత్తానికి ఇవాళ ప్రపంచమంతా వాడే బుంగారస్ అన్న పేరు మన బంగారం నుంచి వచ్చిందే.

ఆయన 1805లో పోయాడు. పాముకాటుకి విరుగుడు మందు సీరం వచ్చేసరికి ఇంకో తొంభై ఏళ్ళు పట్టింది. అది వచ్చాక కూడా 2000 నుంచి 2019 లోపల మన దేశంలో పాముకాటుతో దాదాపు 12 లక్షల మంది పోయారని అంచనా, ఎక్కువమంది పోయిన రాష్ట్రాల్లో మనదీ ఉంది. అందుకని ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి, ఎవర్నైనా పాము కరిస్తే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, మంత్రం వేయించడం ఏదీ వద్దు, కాలో చెయ్యో కదలకుండా ఉంచి తిన్నగా ఆస్పత్రికి తీసుకెళ్ళిపోవాలి.

ఈ కవర్లోనే ఒక కుబుసం పెట్టాను, మన గడ్డివాము పక్కన దొరికింది, జెర్రిపోతుదే. మెల్లిగా విప్పండి, చిరుగుతుంది. తల దగ్గర కన్ను ఉండే చోట గుండ్రంగా అద్దం ముక్కలా చిన్న పొర కనిపిస్తుంది, పాముకి రెప్పలుండవు కదా, కంటి మీదుండే ఆ పొర కూడా కుబుసంతో పాటే ఊడొస్తుంది. ఒంటి మధ్యలో అడ్డంగా పొలుసుల వరసలు ఎన్నున్నాయో లెక్కపెట్టి రాయండి, నేను లెక్కపెట్టింది ఇక్కడ కాగితం మీద రాసుంచాను, ఇద్దరం పోల్చుకుందాం.

మీ తాతయ్య