ముఖం చూసి రోగం అంటగట్టిన రోజుల్లో బెంగళూరు

2020 మార్చి చివర్లో, లాక్‌డౌన్ మొదలైన కొద్ది రోజులకే, మైసూరులో ఇద్దరు నాగా యువకులను ఒక సూపర్ మార్కెట్ సిబ్బంది గుమ్మంలోనే ఆపేశారు. మీరు ఇండియన్లు కాదు, లోపలికి రానివ్వం అన్నారు. అప్పటికే దేశంలో చాలా నగరాల్లో ఈశాన్య రాష్ట్రాల వాళ్ళు కనబడితే చాలు "కరోనా" అని అరవడం మొదలైంది. ఈ వేధింపులు ఆపండంటూ కేంద్ర హోంశాఖ రాష్ట్రాలకు ప్రత్యేకంగా లేఖ రాయాల్సి వచ్చింది. బెంగళూరూ ఇందుకు మినహాయింపు కాదు. అయితే అదే బెంగళూరులో, అవే వారాల్లో, ముక్కూ మొహం తెలియని మనుషులు ఒకరి గుమ్మానికి ఒకరు బియ్యం, పప్పు చేరవేశారు. ఈ రెండో పని రాత్రికి రాత్రి పుట్టుకొచ్చింది కాదు.

2012 జూలైలో అస్సాంలోని కోక్రాఝార్ ప్రాంతంలో బోడోలకు, ముస్లింలకు మధ్య హింస చెలరేగింది. ఆగస్టు వచ్చేసరికి దాని సెగ ఎస్సెమ్మెస్‌ల రూపంలో బెంగళూరును తాకింది. రంజాన్ అయ్యాక ఇక్కడి ఈశాన్య రాష్ట్రాల వాళ్ళ మీద దాడులు జరుగుతాయని పుకారు. వేరే చోట్ల తీసిన ఫొటోలను కూడా దానికి జతచేసి పంపారు. ఆగస్టు 15న సిటీ రైల్వే స్టేషన్ జనంతో కిక్కిరిసిపోయింది. సెక్యూరిటీ గార్డులు, బ్యూటీ పార్లర్లలో పనిచేసే అమ్మాయిలు, హోటల్ కుర్రాళ్ళు, కాలేజీ పిల్లలు చేతికందిన బ్యాగుతో వచ్చేశారు. గువాహటికి ప్రత్యేక రైళ్ళు వేశారు. రెండు మూడు రోజుల్లో వేలాది మంది వెళ్ళిపోయారు. మంత్రులు ప్లాట్‌ఫారం మీదికి వచ్చి బతిమాలారు. నగరంలోని ముస్లిం సంఘాల వాళ్ళు కూడా స్టేషన్‌కు వచ్చి నీళ్ళు, తిండి ఇచ్చారు, మీకేమీ కాదు, ఉండండి అని నచ్చజెప్పారు. కేంద్రం బల్క్ ఎస్సెమ్మెస్‌లను నిషేధించింది. కానీ రైలు ఎక్కాలని నిర్ణయించుకున్న మనిషిని ప్లాట్‌ఫారం మీద ఆపడం ఎవరి వల్ల అవుతుంది? భయం మొదలైన గదిలోనే, ఆ రాత్రే, తెలిసినవాళ్ళెవరైనా వెళ్ళి తలుపు తట్టి ఉండాల్సింది. శాంతి కోసం పనిచేసే వాళ్ళు ఆ ఆగస్టులో నేర్చుకున్నది ఇదేనని నేననుకుంటాను.

ఆ తర్వాతా దెబ్బలు తగులుతూనే వచ్చాయి. 2014 జనవరిలో ఢిల్లీలో అరుణాచల్ విద్యార్థి నిడో తానియా దాడికి గురై చనిపోయాడు. అదే ఏడాది అక్టోబరులో బెంగళూరు కొత్తనూరులో కన్నడ మాట్లాడలేదని మణిపురి విద్యార్థులను కొట్టారు. 2016 జనవరి 31న హెసరఘట్ట దగ్గర ఒక సూడాన్ విద్యార్థి కారు ఢీకొని ఒక మహిళ చనిపోతే, దానితో ఏ సంబంధమూ లేకుండా కాసేపటికి అటుగా వచ్చిన టాంజానియా యువతి మీద, ఆమె స్నేహితుల మీద గుంపు పడింది. వాళ్ళ కారు తగలబెట్టింది. ఒంటి రంగు తప్ప ఆ గుంపుకి ఇంకే ఆధారమూ అక్కర్లేకపోయింది.

ఇందులో మన తెలుగువాళ్ళ పాత్ర ఏమిటని అడిగితే, చాలానే ఉంది. మారతహళ్ళి, బీటీఎం లేఅవుట్ లాంటి చోట్ల పీజీలు, అంటే తిండితో సహా గదులు అద్దెకిచ్చే హాస్టళ్ళు, నడిపేవాళ్ళలో తెలుగువాళ్ళు బోలెడంత మంది. "ఆంధ్రా ఫుడ్" అని బోర్డు ఉంటుంది, ఒక్కో గదిలో రెండు మూడు మంచాలు, కింద వంటగది, గోడ మీద రూల్స్ కాగితం. నాగా, మణిపురి పిల్లలు గదిలో పులియబెట్టిన సోయా వండుకుంటే వాసన అని గొడవ. "ఆ పిల్లలు వద్దులే" అన్న మాట ఏ సర్క్యులర్‌లోనూ ఉండదు. ఫోన్లో పేరు, ఊరు చెప్పగానే రూమ్ ఖాళీ లేదంటారు, అంతే. 2020లో పీజీలు మూసేసి పిల్లల్ని పంపెయ్యాలన్న తొందర వచ్చినప్పుడు, చిత్తూరు అబ్బాయికి నాన్న కారేసుకుని వచ్చే దారి ఉంది. మిజోరంలోని ఐజ్వాల్ అమ్మాయికి ఏ దారీ లేదు. వంటగది మూయకుండా నడిపిన పీజీ ఓనర్లూ ఉన్నారు, అద్దె కోసం తలుపులు బాదినవాళ్ళూ ఉన్నారు. ఇద్దరూ మనవాళ్ళే.

ఇంకో వైపూ మనవాళ్ళే. బెంగళూరు వీధులు ఊడ్చే పౌరకార్మికుల్లో ఎక్కువమంది దళితులు, వాళ్ళలో చాలామంది ఇంట్లో మాట్లాడేది తెలుగే. ఊరంతా తలుపులు వేసుకున్నప్పుడు వీళ్ళు తెల్లవారకముందే హాజరు వేయించుకుని చీపురు పట్టారు. బస్సులు ఆగిపోయినా పనికి మాత్రం రావాల్సిందే. వైరస్ సోకిన ఇంటి చెత్తను చేత్తో ఎత్తిన మనిషినే, రోగం మోసుకొస్తుందంటూ దూరం నిలబెట్టారు. ఈశాన్య రాష్ట్రాల అమ్మాయిని ముఖం చూసి తరిమితే, ఈమెను పని చూసి తరిమారు. జాతి వివక్ష మనకు కొత్తగా అర్థమవ్వాల్సిన విషయం కాదు. అంటు ఏమిటో తరతరాలుగా తెలిసిన సమాజం మనది.

2020 ఏప్రిల్, మే నెలల్లో సాయానికి దిగిన వాళ్ళను గమనిస్తే పాత ముఖాలే కనిపిస్తాయి. కార్మిక సంఘాలు, పౌరసత్వ సవరణ చట్టానికి వ్యతిరేకంగా కొద్ది నెలల ముందు రోడ్డెక్కిన యువకులు, మసీదు కమిటీలు, చర్చిలు, గురుద్వారాలు. సాయం కోరే ఫోన్లు అన్ని భాషల్లో వచ్చేవి కాబట్టి భాష తెలిసిన మనిషి దొరకడమే సగం సాయం. కర్నూలు, అనంతపురం నుంచి వచ్చి కట్టడం పనుల దగ్గర చిక్కుకుపోయిన మేస్త్రీలకు, కూలీలకు తెలుగులో "ఎంతమంది ఉన్నారన్నా, పిల్లలున్నారా, గ్యాస్ ఉందా" అని అడిగేవాళ్ళు కావాలి కదా. మే 5న బిల్డర్లతో సమావేశం తర్వాత కర్ణాటక ప్రభుత్వం వలస కూలీలను సొంత ఊళ్ళకు చేర్చే శ్రామిక్ రైళ్ళను రద్దు చేసింది. విమర్శలు వెల్లువెత్తాక రెండు రోజుల్లో మళ్ళీ ఒప్పుకుంది. పనివాళ్ళు కావాలి, వాళ్ళ ఇష్టం అక్కర్లేదు అన్నట్టుగా ఉన్న ఆ నిర్ణయం ఇప్పటికీ మనసును కలచివేస్తుంది.

సాయం చేసేవాళ్ళకూ రక్షణ లేకపోయింది. ఏప్రిల్‌లో అమృతహళ్ళి వైపు రేషన్ పంచుతున్న ముస్లిం వాలంటీర్లను అడ్డుకుని కొట్టారు. ఆగస్టు 11న ఒక ఫేస్‌బుక్ పోస్టు మీద డీజే హళ్ళిలో అల్లర్లు జరిగి, పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయారు. ఆ రాత్రే అక్కడి ముస్లిం యువకులు ఒక హనుమంతుడి గుడి చుట్టూ చేతులు పట్టుకుని నిలబడ్డారు. 2021 మేలో, ఆక్సిజన్ పడకల కోసం ఊరు అల్లాడుతున్నప్పుడు, పడకల స్కామ్ అంటూ ఒక ఎంపీ, పడకలు కేటాయించే కోవిడ్ వార్ రూమ్‌లో 17 మంది ముస్లిం ఉద్యోగుల పేర్లు మాత్రమే చదివాడు. స్కామ్‌లో వాళ్ళ పాత్ర ఉన్నట్టు దర్యాప్తులో తేలలేదు. ఆ రోజుల్లోనే ముస్లిం వాలంటీర్లు అన్ని మతాల వాళ్ళ శవాలను శ్మశానాలకు చేర్చి అంత్యక్రియలు జరిపించారు.

ఈ మనుషుల పోరాటాల్లో కొన్నింటికి ఫలితం దక్కింది. 2022 జూలైలో పౌరకార్మికులు సమ్మెకు దిగాక, రాష్ట్ర మంత్రివర్గం 11,133 పోస్టులను పర్మనెంట్ చేయడానికి ఒప్పుకుంది. జాతి దూషణ విషయంలో మాత్రం అంత కదలిక లేదు. నిడో తానియా మరణం తర్వాత వేసిన బెజ్‌బారువా కమిటీ 2014 జూలైలోనే శిక్షాస్మృతిలో కొత్త సెక్షన్లు చేర్చమంది. అవి చేరలేదు. ఆ పాత శిక్షాస్మృతి స్థానంలో 2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఐదుగురు లేదా అంతకంటే ఎక్కువమంది కలిసి జాతి, జన్మస్థలం, భాష లాంటి కారణాలతో మనిషిని చంపితే ప్రత్యేక శిక్ష ఉంది. వీధిలో "కరోనా" అని అరిచినవాడి మీద, పేరు విని గది లేదన్న ఓనరు మీద పెట్టడానికి ఆ కమిటీ అడిగినలాంటి సెక్షన్ ఇవాళ్టికీ లేదు.