జ్వరం మీది, ఫోన్ నంబరు ఎవరిది? అపోహలు - వాస్తవాలు

వానలు మొదలయ్యాయంటే జిల్లాలో జబ్బుల మీద కన్నేసి ఉంచే సర్వైలెన్స్ యూనిట్లో మా పొద్దంతా ఫోన్లతోనే గడుస్తుంది. ముందురోజు ల్యాబుల నుంచి వచ్చిన డెంగీ లైన్ లిస్ట్, అంటే రోగుల పేర్లు, నంబర్ల జాబితా, తెరుస్తాం, ఒక్కో నంబరుకీ చేస్తాం. "రాంగ్ నంబరండీ" అంటారొకరు. "ఆయన మా బావమరిదండీ, మా ఇంట్లో ఉండడు, ఎందుకు?" అంటారింకొకరు. కొన్ని నంబర్లలో తొమ్మిది అంకెలే ఉంటాయి. కోవిడ్ రోజుల్లోనూ ఇదే తంతు, ఇప్పుడూ ఇదే. ఎందుకిలా చేశారని అడిగితే చెప్పే కారణాలు కూడా మారలేదు. ఒకసారి రాసి పెట్టుకుంటే అడిగినవాళ్లకల్లా ఇదే పంపించొచ్చని కూర్చున్నాను.

అపోహ: అసలు పేరు, నంబరు, అడ్రసు ఇస్తే మనకే తలనొప్పి. ఏదో ఒకటి రాయించేస్తే సరిపోతుంది.

మిగతా అపోహలన్నీ ఒక ఎత్తు, ఇదొక్కటే ఒక ఎత్తు.

మీ పేరు మీద పాజిటివ్ అని, జబ్బుల వివరాలు నమోదయ్యే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్ ఐహెచ్‌ఐపీలో పడితే, అందులో ఉన్న అడ్రసును బట్టి ఆ కబురు అక్కడి పీహెచ్‌సీకి, అక్కడి నుంచి ఏఎన్ఎంకి వెళుతుంది. సిబ్బంది ఇంటికొచ్చి నీళ్ల తొట్లు, డ్రమ్ములు, కూలర్లు, మేడ మీద పాత టైర్లు చూస్తారు. లార్వా ఉంటే నీళ్లు పారబోయిస్తారు, పారబోయడం కుదరని చోట లార్వాను చంపే అబేట్ మందు వేస్తారు, ఇంట్లో స్ప్రే కొడతారు. చుట్టుపక్కల ఇంకెవరికైనా జ్వరం ఉందేమో ఇల్లిల్లూ అడుగుతారు. డెంగీని మోసే ఏడిస్ దోమ మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది. కాబట్టి ఈ పనంతా సరైన వీధిలో జరిగితేనే ఉపయోగం. పక్క ఊళ్లో ఎంత పొగ కొట్టినా మీ వీధి దోమకు చీమ కుట్టినట్టయినా ఉండదు.

ఒక ఇంటర్ కుర్రాడి సంగతి చెబుతాను. ఊళ్లో జ్వరమొస్తే టౌన్లో పిన్ని వాళ్లింటికి తీసుకొచ్చి, దగ్గర్లోని ఆసుపత్రిలో చేర్చారు. రిజిస్టర్లో పిన్ని ఇంటి అడ్రసు రాయించారు, నంబరు బాబాయిది. దురుద్దేశమేమీ లేదు. ఊరి పేరు చెబితే పంచాయతీ వాళ్లొచ్చి ఇంటి ముందు హడావుడి చేస్తారని వాళ్ల నాన్నకు మొహమాటం, అంతే. మా వాళ్లు టౌన్లో ఆ వీధంతా తిరిగి, ఎక్కడా లార్వా దొరక్క, రిపోర్టు రాసి వచ్చేశారు. ఆ తర్వాత కుర్రాడి సొంతూరి నుంచి, అదీ వాళ్ల వీధి నుంచే, వరసగా జ్వరాలు. వెళ్లి చూస్తే సగంలో ఆగిపోయిన ఇల్లొకటి, దాని సంపులో మోకాలి లోతు వాననీళ్లు. గరిటెతో తీసి తెల్ల పళ్లెంలో పోస్తే లార్వా గిలగిలా కొట్టుకుంటోంది. డెంగీ దోమ కుట్టాక జ్వరం బయటపడడానికి 4 నుంచి 10 రోజులు పడుతుంది. మేం టౌన్లో తిరిగిన రోజుల్లోనే ఇక్కడ దోమలు వీధి మొత్తాన్నీ కుట్టేశాయన్నమాట.

అందుకే మాకు ముఖ్యం ఆధార్ కార్డు మీద ఉన్న అడ్రసు కాదు. జ్వరం రాకముందు రెండు వారాలు ఎక్కడ ఉన్నారన్నది ముఖ్యం. ఏడిస్ కుట్టేది పగలు కాబట్టి పగలు ఎక్కడ గడిపారో కూడా కావాలి. హాస్టలైతే హాస్టల్ పేరు, సైటు మీద పనికెళితే ఆ సైటు.

అయితే ఈ భయం ఊరికే పుట్టలేదు. 2020 మార్చిలో కర్ణాటక ప్రభుత్వం హోమ్ క్వారంటైన్లో ఉన్నవాళ్ల అడ్రసులు అందరికీ కనిపించేలా పెట్టేసింది. చాలాచోట్ల కోవిడ్ వచ్చిన ఇళ్ల తలుపులకు పోస్టర్లు అంటించారు. అధికారమున్నవాళ్లు విపత్తు నిర్వహణ చట్టం కింద ప్రత్యేకంగా ఆదేశిస్తే తప్ప అలా అంటించకూడదని సుప్రీంకోర్టు చెప్పింది ఆ ఏడాది డిసెంబరులో. పాజిటివ్ లిస్టుల ఫొటోలు కాలనీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగాయి. ఓనరు ఇల్లు ఖాళీ చేయమన్న స్టాఫ్ నర్సులు నాకే తెలుసు. అంత చూసినవాళ్లు నంబరు మార్చి చెబితే తిట్టడానికి నాకు నోరు రాదు. మీ పేరున్న లిస్టు మళ్లీ ఎక్కడైనా తిరుగుతుంటే స్క్రీన్‌షాట్ తీసి జిల్లా వైద్యాధికారి ఆఫీసులో ఫిర్యాదు ఇవ్వండి. లిస్టు బయటికి ఇవ్వడం మా తప్పు, దానికి మమ్మల్ని నిలదీయండి. తప్పు నంబరు ఇవ్వడం మాత్రం దానికి మందు కాదు. మీరు దాక్కున్నది మా నుంచే గానీ పక్కింటి వాళ్ల నుంచి కాదు. వాళ్లకు అంబులెన్స్ రాగానే తెలిసిపోతుంది.

ఇంకొకటి. ఫోన్లో మేం అడిగేది జ్వరం ఎప్పుడు మొదలైంది, ఎక్కడ ఉన్నారు, ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అన్న సంగతులే. బ్యాంకు వివరాలు, ఓటీపీ అడిగారంటే అది మేం కాదు, కట్ చేసేయండి. 2022 మొదట్లో బూస్టర్ డోసు బుక్ చేస్తామంటూ ఓటీపీలు కాజేసినవాళ్లు ఇలాగే ఫోన్లు చేశారు.

తప్పు వివరాల ఖరీదు రూపాయల్లో కూడా చెప్పొచ్చు. కోవిడ్‌తో చనిపోయినవాళ్ల కుటుంబాలకు 50 వేల రూపాయలు ఇవ్వాలని 2021 అక్టోబరులో సుప్రీంకోర్టు ఉత్తర్వు వచ్చింది. పాజిటివ్ వచ్చిన 30 రోజుల్లోపు ప్రాణం పోతే, ఆసుపత్రి బయట పోయినా సరే, అది కోవిడ్ మరణమేనని ఆ ఉత్తర్వు చెప్పింది. డెత్ సర్టిఫికెట్లో కోవిడ్ అన్న మాట లేదన్న ఒక్క కారణంతో కాదనకూడదనీ అంది. మరి రుజువేమిటంటే ఆ టెస్టు రిపోర్టే.

ఆ డబ్బు కోసం ఒకావిడ వచ్చింది. భర్త ఆటో డ్రైవర్, రెండో వేవ్‌లో పోయాడు. స్టాండులో వాళ్లకు తెలిస్తే ఆటో ఎవరూ ఎక్కరని, టెస్టుకెళ్లినప్పుడు "నాని" అని రాయించి, స్నేహితుడి నంబరు ఇచ్చాడట. మెసేజ్ ఆ స్నేహితుడికే వెళ్లింది. అతను ఫోన్ మార్చేశాడు, టెస్టు నంబరు, అంటే ఎస్‌ఆర్‌ఎఫ్ ఐడీ పోయింది. ఆవిడ నంబరు కొట్టి వెతికితే ఏమీ రాదు. నాని అని వెతికితే ఎంతమంది నానీలో! అక్కడున్న ఒకాయన "సరిగ్గా రాయించాలమ్మా" అని విసుక్కున్నాడు. చనిపోయినవాడు చేసిన పనికి ఆవిడేం చేస్తుంది? చివరికి ఆసుపత్రి కేస్ షీట్లో అసలు పేరు, పాజిటివ్ తేదీ ఉండబట్టి ఆ దరఖాస్తులు చూసే జిల్లా కమిటీ ముందు నిలబడగలిగింది. ఆసుపత్రిలో చేరకుండా ఇంట్లోనే పోయిన ఇంకో నాని ఇంట్లోవాళ్లకు ఆ కాగితం కూడా ఉండదు.

కాబట్టి ల్యాబు కిటికీ దగ్గర ఇంటిపేరుతో సహా ఆధార్‌లో ఉన్నట్టే పేరు చెప్పండి. నంబరు రోగి దగ్గరో, వెంట ఉన్నవాళ్ల దగ్గరో ఉన్నది ఇవ్వండి, ఎక్కడో దుబాయ్‌లో ఉన్న కొడుకుది వద్దు. ఊరితో పాటు మండలం కూడా చెప్పాలి. కొత్తపల్లి అంటే మాకు ఏ కొత్తపల్లి అని తెలియాలి? జ్వరం మొదలైన తేదీ వాళ్లు అడగకపోయినా మీరే రాయించండి. రాసే కుర్రాడు హడావుడిలో ఉంటాడు, రసీదు మీద ఏం పడిందో అక్కడే ఒకసారి చదువుకోండి.

అపోహ: కార్డు టెస్టులో డెంగీ వచ్చినా ప్రభుత్వం లెక్కలో వేయదు. అంటే దాచేస్తోంది.

అక్కడికక్కడే ఫలితం చెప్పే కార్డు టెస్టులో వస్తే అది అనుమానిత కేసు. నిర్ధారణకు ల్యాబులో చేసే ఎలైజా అనే రక్తపరీక్ష కావాలి. జ్వరం మొదలైన తొలి ఐదు రోజుల్లో ఎన్‌ఎస్1 ఎలైజా, ఆ తర్వాత ఐజీఎం ఎలైజా. మేమిచ్చే బులెటిన్లో నిర్ధారిత కేసులని ఉంటే అవి ఎలైజాలో తేలినవి. ఒకే ఊళ్లో ప్రైవేటు ల్యాబు చెప్పే అంకె, మేం చెప్పే అంకె వేరుగా ఉండడానికి మొదటి కారణం ఇదే. అంకె తక్కువ కనిపిస్తే సంతోషించే అధికారులు అసలే లేరని నేను అనను. కానీ ఈ తేడా మాత్రం దాచడం కాదు. ఆసుపత్రిలో కార్డు టెస్టు చేసి ఊరుకుంటే, ఎలైజాకి శాంపిల్ పంపమని అడగండి. ఇక ప్లేట్‌లెట్లు, బొప్పాయి ఆకు రసం గురించి నన్నడగొద్దు, అది మీ డాక్టరు గారి ఖాతా.

అపోహ: బులెటిన్లో ఈరోజు 40 అని ఉంటే ఈరోజు 40 మందికి జబ్బు చేసినట్టు.

కాదు. ఈరోజు 40 రిపోర్టులు వచ్చినట్టు. వాళ్లకు జ్వరం వారం కింద మొదలై ఉండొచ్చు. ఆదివారం శాంపిళ్లు తగ్గుతాయి, ఆ తర్వాత ఒకేసారి పెరుగుతాయి. టీవీలో "ఒక్కసారిగా భగ్గుమన్న కేసులు" అంటే అందులో సగం ఈ కథే. మేం చూసేది జ్వరం మొదలైన తేదీల వారీగా గీసిన గ్రాఫ్. దానికి మళ్లీ మీరు చెప్పే తేదీయే ఆధారం.

అపోహ: రెండు రోజులైనా కారణం చెప్పడం లేదంటే ఏదో దాస్తున్నారు.

ఏలూరు గుర్తుందా? 2020 డిసెంబరు మొదట్లో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయారు. కొద్ది రోజుల్లోనే 500 మందికి పైగా. నీళ్లని ఒకరు, బ్లీచింగ్ అని ఒకరు, కూరగాయలని ఇంకొకరు ఆ పూటే తేల్చేశారు. తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షల్లో రోగుల రక్తంలో సీసం, నికెల్ కనిపించాయి. అవి ఎటు నుంచి వచ్చాయన్నది వెతకడానికి నీళ్లు, పాలు, కూరగాయలు, రక్తం అన్నీ వేర్వేరు ల్యాబులకు వెళ్లాల్సి వచ్చింది. రక్తం తీసిన పూటే సీసం సంగతి తెలియదు. "ఇంకా తెలియదు, ఫలానా పరీక్షలు చేస్తున్నాం, రిజల్ట్ ఫలానా రోజు వస్తుంది" అని అధికారి చెబితే అది మంచి సమాచారమే. ఆ మాట రోజూ ఒకే వేళకు, ఒకే మనిషి చెబితే ఇంకా మంచిది. అది చెప్పకుండా ప్రెస్‌మీట్ వాయిదా వేసి కూర్చుంటే మాత్రం, పుకారు పుట్టిందని జనాన్ని తిట్టే హక్కు మాకు లేదు.

అపోహ: నిజమో కాదో తర్వాత సంగతి, జాగ్రత్త కోసం ఫార్వర్డ్ చేస్తే నష్టమేముంది?

2020 ఫిబ్రవరిలో, ఆంధ్రప్రదేశ్‌లో తొలి కోవిడ్ కేసు బయటపడడానికి నెల ముందు, చిత్తూరు జిల్లాలో ఒక పెద్దాయన తనకు వచ్చిన మామూలు జ్వరాన్ని కరోనా అనుకున్నాడు. ఫోన్లో వీడియోలు చూసి, ఇంట్లోవాళ్లకు అంటిస్తానేమోనని భయపడి ప్రాణం తీసుకున్నాడు. ఆ వీడియోలు పంపినవాళ్లు కూడా జాగ్రత్త కోసమే పంపి ఉంటారు. అదే నెలలో చికెన్ తింటే కరోనా అని నడిచిన ప్రచారానికి కోళ్ల రైతులు మునిగిపోయారు. చివరికి తెలంగాణ మంత్రులు హైదరాబాద్‌లో వేదికెక్కి చికెన్ తిని చూపించాల్సి వచ్చింది.

"అమెరికాలో ఉన్న పెద్ద డాక్టరు గారి వాయిస్" అని వచ్చేదాంట్లో డాక్టరు పేరుండదు, తేదీ ఉండదు, ఏ ఊరి సంగతో ఉండదు. ఆ మూడూ లేనిది ఎంత గంభీరమైన గొంతుతో వచ్చినా నాకు వద్దు. మా ఇంట్లో గ్రూపులో మా పెద్దత్తయ్య ఇప్పటికీ పంపుతూనే ఉంటుంది. ఆవిడ భయపడుతోందని తెలుసు కాబట్టి గ్రూపులో పరువు తీయను, విడిగా ఫోన్ చేసి ఏం విన్నదో అడుగుతాను. పది నిమిషాలు మాట్లాడితే అసలు సంగతి బయటికొస్తుంది. మనవడికి జ్వరంగా ఉంటుంది.

మీరు విన్నది పుకారే కావచ్చు, కానీ అది కూడా మాకు కావాలి. పేపర్లలో, టీవీల్లో వచ్చే ఇలాంటి వార్తలను జల్లెడ పట్టడానికే, మా యూనిట్లను నడిపే కేంద్ర కార్యక్రమం ఐడీఎస్‌పీలో 2008 నుంచి ఒక విభాగం పనిచేస్తోంది. మీ వీధిలో నలుగురికి ఒకేసారి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయని విన్నారనుకోండి. దాన్ని గ్రూపులో పెట్టే బదులు మీ ఆశా వర్కరుకో, ఏఎన్ఎంకో, పీహెచ్‌సీకో చెప్పండి. ఏ వీధి, సుమారుగా ఎంతమంది, ఎప్పటి నుంచి అన్నది చెబితే చాలు. నీళ్లవల్లా, పెళ్లి భోజనంవల్లా అన్నది మీరు తేల్చక్కర్లేదు. శాంపిల్ సీసాలు పట్టుకుని మేమే వస్తాం. మీ నంబరు మాత్రం సరిగ్గా ఇవ్వండి, వీధి మొదట్లో నిలబడి ఫోన్ చేయాల్సింది దానికే.